టెన్షన్‌ను సెలవు దాకా దాచిపెట్టుకోకు

చిత్తూరు

చిరంజీవి నాయనకు పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. బ్యాంకులో మార్చి లెక్కలు, లోన్ టార్గెట్లు, రాత్రి రెండైనా నీకు నిద్ర పట్టడం లేదని బాధపడింది. సెలవు దొరికితే తిరుమల కొండకు నడిచి వెళ్ళొస్తా, అంతా సర్దుకుంటుంది అన్నావట. వెళ్ళు, మంచిదే. కానీ ఇన్నేళ్ళు నర్సుగా పనిచేసి చూసిన మాట చెబుతున్నా నాయనా, ఏ రోజు టెన్షన్ ఆ రోజే దించుకోవాలి. సెలవు దాకా దాచిపెడితే అది సెలవులో కూడా నీ వెంటే వస్తుంది.

పైవాళ్ళు కేకలేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ ఊరుతుంది. గుండె వేగం పెరుగుతుంది, మెడ, భుజాలు బిగుసుకుంటాయి. ఒళ్ళు పరుగెత్తడానికి సిద్ధమైపోతుంది, నువ్వేమో కుర్చీలోనే కూర్చుని ఉంటావు. ఎంత ఆలోచించినా ఆ బిగువు సడలదు, కాళ్ళు కదిలితే సడలుతుంది. అందుకని పని అయ్యాక నేరుగా రూముకెళ్ళి మంచమెక్కొద్దు. కపిలతీర్థం వైపు అరగంట నడువు. వానాకాలమైతే కొండమీంచి నీళ్ళు దూకుతుంటాయి, ఇప్పుడు లేకపోయినా ఆ కొండ పక్కన గాలి బాగుంటుంది. నడిచినంతసేపూ ఫోన్ జేబులోనే ఉండాలి. ఇంటికొచ్చి స్నానం చేసి, ఎనిమిదిలోపు తినెయ్.

మెట్లెక్కేవాళ్ళు ‘గోవిందా’ అని సాగదీసి పిలవడం చిన్నప్పటి నుంచీ వింటున్నావు కదా. అది భక్తితో పిలిచే పిలుపే. దాంతో ఒంటికి కూడా మేలు జరుగుతుంది. ఆ పేరు పలికినంతసేపూ ఊపిరి నెమ్మదిగా బయటికి పోతుంది. ఊపిరి తీసుకునేటప్పుడు గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. కాబట్టి వదిలేదే ఎక్కువసేపు ఉండాలి. మనసులో 4 లెక్కపెడుతూ తీసుకో, 6 లెక్కపెడుతూ వదులు. ఐదు నిమిషాలు చాలు. ఎదురుగా కస్టమర్ కూర్చుని ఉన్నా చేసుకోవచ్చు, ఎవరికీ తెలియదు. ఆపరేషన్‌కు ముందు భయపడే వాళ్ళ చేత నేను ఇదే చేయించేదాన్ని. చాలామందికి చేతుల వణుకు అక్కడికక్కడే తగ్గేది.

కొండకు వెళ్ళేటట్లయితే అలిపిరి నుంచే వెళ్ళు. 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు అయినా గాలిగోపురం దాటాక చాలా దూరం చదునుగా ఉంటుంది. శ్రీవారి మెట్టు 2,388 మెట్లే గానీ నిటారుగా ఎక్కాలి, కుర్చీకి అలవాటుపడిన మోకాళ్ళకు కష్టం.

సాయంత్రం కాఫీ మానెయ్. మన తిరుపతిలో ఫిల్టర్ కాఫీ మానమంటే కోపం వస్తుందని తెలుసు. కానీ అందులోని కెఫీన్ సగం తగ్గడానికే చాలామందికి ఐదారు గంటలు పడుతుంది. ఆరింటికి తాగింది పదకొండింటికి కూడా ఒంట్లో పనిచేస్తూనే ఉంటుంది. పొద్దున తాగు, ఎవరూ వద్దనరు. సిగరెట్ తాగితే మనసు తేలికైందనిపిస్తుంది కదా, అది చాలావరకు నికోటిన్ అందక పుట్టిన చిరాకు తగ్గడమే. మద్యం నిద్ర పట్టిస్తుంది, తెల్లవారుజామున చెడగొడుతుంది. ఈ రెండూ నీకు లేవనే నా నమ్మకం.

ఇంకొకటి, మనసులో ఉన్నది ఎవరో ఒకరికి చెప్పుకో. మీ అమ్మ కంగారు పడుతుందనుకుంటే నాకు ఫోన్ చెయ్, రాత్రి ఎంతైనా సరే. నేను సలహాలు చెప్పను, వింటాను.

ఇవన్నీ చేసినా రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి లేకుండా, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. జ్వరానికి వెళ్ళినట్టే వెళ్ళొచ్చు, సిగ్గుపడొద్దు. బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగొద్దు, వెంటనే 14416కు ఫోన్ చెయ్. అది టెలి మానస్, 24 గంటలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ తర్వాత నాకు చెయ్, నేను బయల్దేరి వస్తాను.

రెండో శనివారం బ్యాంకు సెలవే కదా. శుక్రవారం సాయంత్రం బస్సెక్కి వచ్చెయ్. రాగి సంగటి, ఊరిబిండి చేసి పెడతాను. ఉద్యోగం సంగతి నిన్నేమీ అడగొద్దని మీ అమ్మకు నేను చెప్పి ఉంచుతాను.

మీ పెద్దమ్మ