సిగ్నల్ లేని కూడలి చేస్తానంటున్న మేనకోడలికి

చిన్నీ,

డ్రైవర్ లేని కార్లు సిగ్నల్ లైట్లతో పనిలేకుండా కూడలి దాటే ప్రాజెక్టు నీ చేతికొచ్చిందని మీ అమ్మ చెప్పింది. గర్వంగానే ఉంది, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

డ్రెస్నర్, స్టోన్ అనే పరిశోధకులు 2004లో చెప్పిన రిజర్వేషన్ పద్ధతితో మొదలుపెట్టు. ఎప్పుడొస్తానో, ఏ లేన్‌లో, ఎంత వేగంతోనో కారు ముందే చెబుతుంది, కంట్రోలర్, అంటే కూడలిని నడిపే కంప్యూటర్, ఆ చోటుని గళ్లుగా విడగొట్టి దాని దారిలో గళ్లు ఆ క్షణానికి ఖాళీగా ఉంటేనే సరే అంటుంది. ముందు అడిగినవాళ్లకే ముందు అనే పద్ధతి కొన్నిచోట్ల మామూలు సిగ్నల్ కన్నా అధ్వానం అవుతుందని 2016లోనే చూపించారు, అదీ చదువు. ట్రాఫిక్‌ని కంప్యూటర్ తెరమీద నడిపి చూసే సుమో సిమ్యులేటర్ సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. మా టీమ్‌లో ఒకాయన, మహా తెలివైనవాడు, గళ్లు ఖాళీగా పోతుంటే చూడలేక ఒక రూల్ పెట్టాడు. 'సరే' అని పంపాక కారు నుంచి 'అందింది' అని రాకపోతే కాసేపు చూసి ఆ స్లాట్, అంటే ఆ క్షణానికి దానికిచ్చిన గళ్లు, ఇంకో కారుకి ఇచ్చేయడం. మెసేజ్‌లన్నీ చేరినంతకాలం బ్రహ్మాండంగా నడిచింది. కొన్ని మధ్యలో పోయేలా పెట్టామో లేదో, తెరమీద రెండు కార్లు ఒకే గడిలో! లాగ్ తీసి చూస్తే మొదటి కారుకి 'సరే' శుభ్రంగా అందింది, దాని జవాబే దారిలో పోయింది. అది తన స్లాట్ అనుకుని వచ్చింది, రెండోదీ అంతే. ఇంకో జవాబు పెడదాం అన్నారు, మరి అది పోతే? ఎన్ని పెట్టినా ఆఖరిది పోవచ్చు కదా. అందుకే ఇచ్చిన స్లాట్‌ని, కారు తానే రద్దు చేసుకుంటే తప్ప, దాని టైం దాటేదాకా ముట్టుకోకు. 'సరే' అందని కారు గీత దగ్గరే ఆగాలి. గళ్లు వృథా అయితే అవనీ, కొంపేం మునగదు.

సిగ్నల్ లైట్లు పాతచింతకాయ పచ్చడి అన్నావట మీ అమ్మతో. లైటు పోతే ఒక మనిషి నిలబడి చేత్తో నడిపిస్తాడే, నీ కంట్రోలర్ పోతే ఎవరు నడిపిస్తారు? అది ముందు రాసుకో, మిగతావి తర్వాత.

ఇక నడిచేవాళ్లు. చిన్నప్పుడు నా వేలు విదిలించుకుని రోడ్డు మీదికి ఉరికేదానివి, నా గుండె జారిపోయేది. అలాంటి పిల్ల నీ కూడలికీ వస్తుంది, ఏ మెసేజూ పంపకుండా. 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు సెకనులో పదోవంతుకే మీటరున్నర పైన పోతుంది తల్లీ. దాటేవాళ్లకి ప్రతి రౌండులో గళ్లు నువ్వే బ్లాక్ చేసి పెట్టు, వాళ్లు బటన్ నొక్కేదాకా చూడకు.

మెసేజ్‌లు పోయేలా పెట్టి నడిపిన లాగ్‌లు నాకు పంపు. ఫోన్లో చెబితే నాకు ఎక్కదు, ఫైలే పంపు. వేళకి తిను.

మామయ్య