అడవిలో బాగా ఎత్తైన చెట్టుకు తోటి చెట్ల ప్రేమికుడి పేరు పెట్టొచ్చా?

నిక్షేపంగా పెట్టొచ్చు. అది ముద్దుపేరు లాంటిది, శాస్త్రీయ నామం మారదు. మన గోల్కొండ నయాఖిల్లాలోని లావుపాటి బావోబాబ్‌ను జనం ‘హతియాన్ కా ఝాడ్’ అంటారు కదా, అలాగే.

అమెరికాలో చెట్లు కొలిచేవాళ్లకి ఇదో ఆనవాయితీ. మసాచుసెట్స్‌లో 50 మీటర్లు దాటిన ఓ తెల్ల పైన్‌కి జేక్ స్వాంప్ పేరు పెట్టారు. ఆయన శాంతికి గుర్తుగా మొక్కలు నాటించిన మొహాక్ అనే అమెరికా ఆదివాసీ తెగ పెద్ద. ఎంత తగిన గౌరవమో! కాలిఫోర్నియాలో 2006లో దొరికిన రెడ్‌వుడ్ చెట్టు హైపీరియన్‌ది మాత్రం గ్రీకు పురాణాల పేరు. ఎత్తు 115 మీటర్ల పైమాటే.

ముందు సరిగ్గా కొలవండి. లేజర్‌తో చిటారు కొమ్మకీ మొదలుకీ దూరం, కోణం చూసి లెక్కకడతారు. పేరును నోట్‌బుక్‌లో ఎత్తు, తేదీతో రాసుకోండి. బెరడు మీద చెక్కొద్దు, మేకులు కొట్టి బోర్డు పెట్టొద్దు.