పాత మీటరు కొనేముందు

ప్రశ్న: మాది అమలాపురమండి, ఇంట్లో చిన్న ల్యాబ్ పెట్టుకున్నా, వోల్టేజీ కచ్చితంగా కొలవాలి, సెకండ్‌హ్యాండ్‌లో ఎనిమిదిన్నర అంకెల దాకా రీడింగ్ చూపించే హెచ్‌పీ 3458ఏ మల్టీమీటరు దొరికేలా ఉంది, తీసుకోమంటారా?

జవాబు: తొందరపడకండి. మీటరు గొప్పదే, కానీ దాని కాలిబ్రేషన్ లెక్కలు, అంటే కొలత తప్పకుండా సరిచేసే అంకెలు, బ్యాటరీ ఉన్న మెమరీ చిప్‌లో ఉంటాయండి, ఆ బ్యాటరీ అయిపోయిందా కాలిబ్రేషన్ కూడా పోయినట్టే, మళ్లీ చేయించాలంటే ఖర్చు మామూలుగా ఉండదు. ఇంటికి హెచ్‌పీదే ఆరున్నర అంకెల 34401ఏ మీటరు చాలు, నేనైతే అదే తీసుకుంటా. కొనేముందు దాన్ని గంటసేపు ఆన్‌లో ఉంచి, ఇన్‌పుట్ రెండు కొసలనీ రాగి తీగతో కలిపి (షార్ట్ చేసి) చూడండి, 100 మిల్లీవోల్టుల రేంజిలో సున్నాకి మూడున్నర మైక్రోవోల్టుల లోపే నిలవాలి. మన కోనసీమ గాలిలో తేమ ఎక్కువ కదా, మూత విప్పించి బోర్డు మీద ఆకుపచ్చటి చిలుము కనిపిస్తే మాత్రం ఎంత చవకైనా వదిలేయండి.