థైరోగ్లోబ్యులిన్ సున్నాకి దగ్గరగా, మెడలో మాత్రం నోడ్: ముందు యాంటీబాడీలు చూడండి

నమస్తే అండి. క్యాన్సర్‌కి థైరాయిడ్ మొత్తం తీసేసిన పేషెంట్ సీరంలో థైరోగ్లోబ్యులిన్ (థైరాయిడ్ కణాలే తయారుచేసే ప్రోటీన్, క్యాన్సర్ మిగిలి ఉంటే మామూలుగా కనిపించాలి) 0.1 ng/mL కన్నా తక్కువ వచ్చింది, స్కాన్‌లో లింఫ్ నోడ్ అనుమానంగా ఉంది, కంట్రోల్స్ (విలువ ముందే తెలిసిన శాంపిల్స్) బాగానే ఉన్నాయి, తప్పెక్కడ అని అడిగారు. మెషీన్‌ని అనుమానించే ముందు అదే శాంపిల్‌లో యాంటీ-టీజీ యాంటీబాడీలు (థైరోగ్లోబ్యులిన్ మీద పేషెంట్ ఒంట్లోనే తయారయ్యేవి) చూడండి.

మీది శాండ్‌విచ్ పద్ధతి కదా. ఒక యాంటీబాడీ ప్రోటీన్‌ని పట్టుకుంటే, లేబుల్ ఉన్న రెండోది వచ్చి దాని మీద అతుక్కోవాలి. పేషెంట్ సొంత యాంటీబాడీలు ముందే ఆ చోటు కప్పేస్తే రెండోదానికి జాగా దొరకదు. ప్రోటీన్ ఉన్నా సిగ్నల్ రాదు. కంట్రోల్‌లో ఆ అడ్డు లేదు కాబట్టి అది పాసైపోతుంది.

శాంపిల్ పలచన చేసి (డైల్యూషన్) చూశానన్నారు, మంచిదే. కానీ అది ప్రోటీన్ మరీ ఎక్కువై రీడింగ్ పడిపోయే హుక్ ఎఫెక్ట్‌ని పట్టుకోవడానికి. యాంటీబాడీల అడ్డు అందులో బయటపడకపోవచ్చు. రికవరీ టెస్ట్ (తెలిసినంత థైరోగ్లోబ్యులిన్ కలిపి, అంతా తిరిగి కనిపిస్తుందా అని చూడటం) బాగా వచ్చినా ధైర్యం తెచ్చుకోకండి.

ఇంకోటి, జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలేమైనా వేసుకుంటున్నారా అని అడగండి. కిట్‌లో బయోటిన్-స్ట్రెప్టావిడిన్ జోడీ (ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునే రెండు పదార్థాలు) ఉంటే ఆ మాత్రలే రీడింగ్‌ని కిందికి లాగేస్తాయి. డాక్టర్‌కి చెప్పి, కొన్ని రోజులు ఆపించి మళ్లీ శాంపిల్ తీసుకోండి.

యాంటీబాడీ పాజిటివ్ వస్తే ఆ అంకెని ఒంటరిగా రిపోర్ట్ చేయకండి, పక్కనే ఆ మాట రాయండి. ఇక్కడైతే నోడ్ నుంచి సూదితో శాంపిల్ తీసి, ఆ సూదిని 1 ఎంఎల్ సెలైన్‌లో కడిగి, ఆ కడుగులో థైరోగ్లోబ్యులిన్ కొలవమని డాక్టర్‌కి సూచిస్తాను. రక్తంలోని యాంటీబాడీల ప్రభావం అక్కడ చాలా తక్కువ.