దర్వాజ కట్టె వేరు, విల్లు కట్టె వేరు

అచ్చంపేట

అల్లుడా,

నువ్వు పంపిన ఫొటో చూసిన. దర్వాజకు కోయంగ మిగిలిన టేకు ముక్కతోని పిల్లగానికి విల్లు చేస్తనంటున్నవు. వద్దు. టేకు వానకు ఉబ్బది, ఎండకు వంకరపోది, చెదలు ముట్టయి; పెట్టిన కాడ పెట్టినట్టు ఉంటది. దర్వాజకు గంతే గావాలె. విల్లు అట్ల గాదు, వంగాలె, వదలంగనే మల్ల ఎన్కకు రావాలె.

నా చేతులకెల్లి పోయిన కట్టెల సంగతి చెప్త. నల్లతుమ్మ బండికి మంచిది, దెబ్బకు ఓర్సుకుంటది. ఎండినంక మాత్రం ఉలి మొండివోతది, బరువు గూడ ఎక్కువ. చింత మటన్ కొట్టే మొద్దుకు. వేపకు పురుగు పట్టది, గని నార మెలి తిరిగి ఉంటది. తడ చెట్టు కట్టె ఒక్కటి వీటన్నిట్ల వేరు. గొడ్డలి కామకు దాన్నే ఏరుకుంటరు, ఎంత దెబ్బైనా వంగి సర్దుకుంటది. విల్లుకు గూడ అక్కరకొస్తది. కానీ అది అడివి చెట్టు. అమ్రాబాద్ పులుల అడివిల కట్టె ముట్టినవంటే కేసు నెత్తిన వడ్తది.

అందుకే వెదురు వట్టుకో. చెంచోళ్లు గూడ వెదురుతోని విల్లు చేస్తరు గదా. విలువిద్య పోటీలల్ల ఇండియన్ రౌండ్ అంటరే, 30, 50 మీటర్ల మీద కొట్టేది, దాంట్ల గూడ వెదురు విల్లే. 2017ల అడివి చట్టం మార్చినంక పొలంల పెరిగిన వెదురును చెట్టు కింద లెక్కగట్టరు, ఎవలన్న రైతు దగ్గర కొనుక్కో. ముళ్ల వెదురు లోపల బోలు. సాధనపు వెదురు అడుగు కోసి చూడు, దగ్గర దగ్గర నిండుగ ఉంటది. మూడేండ్లు దాటిన గడ, చలికాలంల నరికింది గావాలె. లేతదైతే పుచ్చు తొందరగ వడ్తది. నీడకు ఆరబెట్టు, ఎండల వెడ్తే పగుల్తది.

ఇగ అసలు మాట. పడుసుతనంల నేనొక విల్లు చేసిన. నున్నగుండాలని పైతోలు మీద రందా వట్టిన, కణుపులు గూడ చెక్కిన. చూడసక్కగ ఉండె. మూడోసారి గుంజంగనే చర్రుమని పొర లేసింది, ఒక ఈనె బొటనవేలుల దిగింది. గా మచ్చ ఇప్పటికి ఉంది. గురి దిక్కు ఉండే ముఖం సాగుతది, నీ దిక్కుది నొక్కుకుంటది. వెదురు బలమంతా ఆ పచ్చతోలు కిందనే ఉంటది. దాన్ని గురి దిక్కు వెట్టు, కత్తి తాకనియ్యకు. గీకేది లోపలి దిక్కే.

గీకేటప్పుడు తొందరవడకు. గాజుపెంకుతోని నాలుగు గీకులు, మల్లొకసారి వంచి చూసుడు. విల్లుకు నడుమ పట్టుకు ఇటు ఒక కొమ్ము, అటు ఒక కొమ్ము; ఒక కొమ్ము ఎక్కువ వంగితే రెండోదాన్నే గీకాలె, వంగినదాన్ని గాదు. కొత్తోళ్లందరు ఇక్కడ్నే తప్పు చేస్తరు.

తాడు కట్టినంక బాణం వెట్టకుండ గుంజి ఇడవొద్దని పిల్లగానికి చెప్పు, ఆ దెబ్బంతా విల్లు మీదనే వడ్తది. దసరాకొచ్చినప్పుడు గడ తెచ్చుకో, మా అరుగు మీద కూసొని గీకుదాం.

మీ మామ