తీర దేశానికి పెద్ద నౌకాదళం ఉంటే సముద్ర భద్రత సమస్య తీరిపోతుందా?

తీరదు. మర్చంట్ నేవీలో సెకండ్ ఆఫీసర్‌గా కొన్నేళ్లు చేశాను. రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే గదిలో, వాచ్ డ్యూటీ నాదే. అక్కడ నిలబడి చూసిందాన్ని బట్టి చెబుతున్నాను.

ఒక రాత్రి రాడార్ తెర మీద పది పన్నెండు చుక్కలున్నాయి. ఏఐఎస్‌లో మూడే పేర్లు. ఏఐఎస్ అంటే ఓడ తన పేరు, ఉన్నచోటు, వేగం, వెళ్లే రేవు తానే చాటుకునే పరికరం. కాసేపటికి ఆ మూడింట్లో ఒక పేరు మాయమైంది. రాడార్ చుక్క మాత్రం అక్కడే ఉంది. ఢీకొట్టకుండా తప్పుకుపోవడం వరకే మా పని, తప్పుకుపోయాం. కానీ ఆ నీళ్లకు కాపలా ఉండే దేశం సంగతేమిటి? ఆ చుక్క దొంగచాటుగా చేపలు పడుతోందా, ఇంకో ఓడలోకి సరుకు మారుస్తోందా, లేక పరికరమే చెడిపోయిందా? పైగా అంతర్జాతీయ నియమాల ప్రకారం ఏఐఎస్ తప్పనిసరి ప్రధానంగా పెద్ద ఓడలకే: అంతర్జాతీయ ప్రయాణాల్లో అయితే 300 గ్రాస్ టన్నేజీ (ఓడ లోపలి పరిమాణపు కొలత), ఆపైన ఉన్నవాటికి. చిన్న బోట్లకు ఆయా దేశాలు పెట్టుకున్న నియమాలే గతి.

సరే, ఎవరో తెలిసిందనుకోండి. పట్టుకోవడానికి చట్టం అడ్డం. 1982 సముద్ర చట్టం ఒప్పందం ప్రకారం సార్వభౌమాధికారం 12 నాటికల్ మైళ్ల వరకే. ఆ తర్వాత, తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా చేపల మీద, చమురు మీద హక్కుంటుంది గానీ దారి మీద ఉండదు. పరాయి యుద్ధనౌక కూడా ఆ నీళ్లలో దర్జాగా వెళ్లిపోవచ్చు.

దీనికి ఫిన్లాండ్ అనుభవమే సాక్ష్యం. 2024 డిసెంబర్ 25న ఫిన్లాండ్ నుంచి ఎస్టోనియాకు సముద్రం అడుగున వెళ్లే ఎస్ట్‌లింక్ 2 విద్యుత్ కేబుల్ తెగింది. కుక్ ఐలాండ్స్ జెండాతో పోతున్న ఈగిల్ ఎస్ ట్యాంకర్ లంగరు ఈడ్చుకుపోవడం వల్లే తెగిందని ఫిన్లాండ్ ఆ ఓడను ఆపింది, అందులోని ముగ్గురు అధికారుల మీద కేసు పెట్టింది. ఓడ చేతికి చిక్కింది, సాక్ష్యాలు పోగుచేసుకున్నారు. అయినా 2025 అక్టోబరులో హెల్సింకి కోర్టు, ఘటన ప్రాదేశిక జలాల (ఆ 12 మైళ్ల) అవతల జరిగింది కాబట్టి విచారించే అధికారం మాకు లేదని కేసు కొట్టేసింది. అలాంటి చోట అదనంగా పది యుద్ధనౌకలున్నా ఏం చేస్తాయి?

నన్నడిగితే ముందు తీర రాడార్లు, ఉపగ్రహ చిత్రాలు, పొరుగు దేశాలతో సమాచార మార్పిడి, వీటి మీద ఖర్చు పెట్టాలి. మత్స్యకారులను అనుమానితుల్లా కాక కాపలా కళ్లుగా చూడాలి. కొత్త బోటు ఏదో వాళ్లకు తెలిసినంత త్వరగా ఏ తెరకూ తెలియదు.

ఒకసారి ఒక తీర కేంద్రం వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానెల్‌లో మమ్మల్ని పిలిచి ఓడ పేరు, వెళ్లే రేవు అడిగింది. అన్నీ ఏఐఎస్‌లోనే ఉన్నాయి కదా అని విసుక్కుంటూ చెప్పాను. తెర మీది పేరుకూ పలికే గొంతుకూ పొంతన కుదురుతోందో లేదో వాళ్లు చూసుకుంటున్నారని తర్వాత అర్థమైంది.