యాక్సిడెంట్ మర్నాడు వచ్చే ఫోన్

కొత్తగా అమెరికా వచ్చి, కారు కొన్న ఆర్నెల్లలోపే యాక్సిడెంట్ అయినవాళ్లు నాకు తరచూ ఫోన్ చేస్తుంటారు. దాదాపు అందరూ అడిగేది ఒకటే: "తప్పు అవతలాయనదే అండీ, వాళ్ల ఇన్సూరెన్స్ వాళ్లు ఫోన్ చేస్తున్నారు, ఏం మాట్లాడమంటారు?"

ముందు నా సంగతి చెప్తాను. టెక్సస్‌లో సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న నా కారును ఒకాయన వెనకనుంచి గుద్దాడు. మర్నాడు పొద్దున్నే ఆయన ఇన్సూరెన్స్ కంపెనీ అడ్జస్టర్ (క్లెయిమ్ సంగతి చూసి తేల్చే ఉద్యోగి) ఫోన్ చేసింది. కాల్ రికార్డు చేసుకుంటాం, మీకు సమ్మతమేనా అని అడిగితే సరేనన్నాను. "ఎలా ఉన్నారు?" అంది ఎంతో మర్యాదగా. పలకరించినవాళ్లకి మనం ఏమంటాం? "బాగానే ఉన్నాను" అన్నాను. మూడో రోజుకి మెడ పట్టేసింది. పార్కింగ్‌లోంచి కారు వెనక్కి తియ్యాలంటే తల తిరగక, నడుం దగ్గర్నుంచి మొత్తం ఒళ్లు తిప్పాల్సి వచ్చేది. ఫిజికల్ థెరపీ బిల్లులు పంపితే, మొదటి రోజు బాగానే ఉన్నానన్నారు కదా అని నా మాటే నాకు చూపించారు.

అందుకే చెప్తున్నాను. అవతలివాళ్ల కంపెనీకి రికార్డెడ్ స్టేట్‌మెంట్ ఇవ్వాల్సిన బాధ్యత మీకు లేదు. క్లెయిమ్ నంబర్ రాసుకుని, ఎప్పుడు, ఎక్కడ జరిగిందో చెప్పి, "దెబ్బల గురించి డాక్టరుకి చూపించుకున్నాక చెప్తాను, మిగతావి ఈమెయిల్‌లో పంపండి" అంటే చాలు. మీ సొంత కంపెనీ విషయం వేరు. వాళ్లకి వెంటనే చెప్పాలి, అడిగినవాటికి సహకరించాలి. పాలసీలో ఆ షరతు ఉంటుంది.

యాక్సిడెంట్ జరిగినచోట అలవాటుకొద్దీ "సారీ" అనేవాళ్లు మనలో చాలామంది. తప్పులో వాటా ఎంతో తేల్చేటప్పుడు ఆ ఒక్క మాట మీ మీదికి రావచ్చు. టెక్సస్‌లో మీ వాటా 50 శాతం దాటితే ఏమీ రాదు. వర్జీనియా, మేరీలాండ్, నార్త్ కరొలైనా, అలబామాలలో అయితే సాధారణంగా మీ తప్పు ఒక్క శాతం ఉందని తేలినా మొత్తం పోతుంది. కాబట్టి ఎవరికీ దెబ్బలు తగల్లేదు కదా అని అడగండి, ఫొటోలు తీసుకోండి, పోలీస్ రిపోర్ట్ నంబర్ తీసుకోండి. తప్పు ఎవరిదన్న చర్చ రోడ్డు మీద పెట్టుకోవద్దు.

అవతలి కంపెనీ నాన్చుతుంటే, మీకు కొలిజన్ కవరేజ్ (తప్పు ఎవరిదైనా మీ కారు రిపేరుకి ఇచ్చేది) ఉన్నట్లయితే మీ కంపెనీ ద్వారానే రిపేరు చేయించుకోండి. డిడక్టిబుల్, అంటే రిపేరు ఖర్చులో మీ వంతు, ముందు మీరే కట్టాలి, నిజమే. కానీ మీ వాళ్లు అవతలివాళ్ల దగ్గర వసూలు చేసినప్పుడు అదీ మీకు తిరిగొచ్చే అవకాశం ఉంది. కారు లేకుండా నెల రోజులు ఆఫీసుకి తిప్పలు పడేకన్నా నేను ఇదే మేలంటాను.

కారు టోటల్ అయింది, అంటే బాగుచేయించడం గిట్టదు, దాని ధర ఇచ్చేస్తామని చెప్తే వాళ్లిచ్చిన అంకె దగ్గరే ఆగిపోవద్దు. ఆ ధర ఎలా కట్టారో చూపించే రిపోర్ట్ అడిగి తెప్పించుకోండి. మా స్నేహితుడి కారుని అందులో బేస్ మోడల్‌గా రాశారు. సన్‌రూఫ్ లేదు, లెదర్ సీట్లు లేవు అని అందులో ఉంది. కారులో ఏమేం ఉన్నాయో చూపించే, కొన్నప్పటి విండో స్టికర్ పంపించాక సరిచేసి ధర పెంచారు. పిల్లల కార్ సీటు కూడా మర్చిపోవద్దు. ఒక మోస్తరు నుంచి పెద్ద యాక్సిడెంట్ అయితే పైకి బాగానే కనిపించినా ఆ సీటు మార్చేయాలన్నది అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సలహా. దాని ఖరీదు కూడా క్లెయిమ్‌లో కలపమని అడగండి.

చెక్కుతో పాటు రిలీజ్ అనే కాగితం వస్తే ప్రతి వాక్యం చదవండి. కారు డ్యామేజీ వేరు, ఒంటికి తగిలిన దెబ్బలు వేరు. రెండూ కలిపి వదులుకుంటున్నట్టు రాసి ఉంటే, సంతకం పెట్టాక మళ్లీ అడగడానికి దాదాపుగా దారి ఉండదు. టెక్సస్, కాలిఫోర్నియాలలో దెబ్బలకి కోర్టుకి వెళ్లే గడువు మామూలుగా రెండేళ్లు. వారంలో తేల్చేయమని వాళ్లు తొందరపెడితే మీరు తొందరపడక్కర్లేదు. ఎముక విరిగినా, ఆస్పత్రిలో చేర్చినా మాత్రం నాలాంటివాళ్ల సలహా చాలదు, లాయరుతో మాట్లాడండి.

కంపెనీ అసలు జవాబే ఇవ్వకపోతే మీ రాష్ట్ర ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఖర్చేమీ ఉండదు.

ఇక నాకు అన్నిటికన్నా బెంగ అనిపించేది మనల్ని చూడ్డానికి ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల గురించి. వాళ్ల విజిటర్ ఇన్సూరెన్స్‌లో పరిమితులు చాలా ఉంటాయి. మీ కార్ పాలసీలో పీఐపీ గానీ మెడ్‌పే గానీ (తప్పు ఎవరిదైనా వైద్యం ఖర్చులిచ్చే కవరేజీలు) ఉంటే, మీ కారులో కూర్చున్న వాళ్ల వైద్యానికీ ఆ పరిమితి వరకు అది పనికొస్తుంది. టెక్సస్‌లో పీఐపీ వద్దనుకుంటే రాతపూర్వకంగా వద్దనాలి. నెలకి కొన్ని డాలర్లు తగ్గుతాయని ఆన్‌లైన్‌లో సంతకాలు చకచకా నొక్కేసేటప్పుడు ఆ కాగితం కూడా వాటిలోనే వెళ్లిపోతుంది. గుద్దినవాడికి ఇన్సూరెన్స్ లేకపోతే ఆదుకునే అన్‌ఇన్స్యూర్డ్ మోటరిస్ట్ కవరేజీదీ అదే కథ. ఇన్సూరెన్స్ ఉన్నా, గుద్దినవాడు ఎదుటివాళ్లకి ఇచ్చేందుకు టెక్సస్‌లో చట్టం అడిగే కనీస కవరేజ్ ఒక మనిషి దెబ్బలకి 30 వేల డాలర్లు, కారుకి 25 వేలు. ఎమర్జెన్సీ రూమ్‌కి వెళ్లి ఒక ఆపరేషన్ అయితే ఆ 30 వేలు ఏ మూలకి? ఈ రాత్రికి ఏ కవరేజ్ ఎంతో రాసి ఉండే మీ పాలసీ డిక్లరేషన్స్ పేజీ తెరిచి, పీఐపీ లేదా మెడ్‌పే, అన్‌ఇన్స్యూర్డ్ మోటరిస్ట్ అనే ఆ రెండు లైన్లూ ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే అమ్మావాళ్లు విమానం ఎక్కేలోపే ఫోన్ చేసి చేర్పించండి.